ఐదు వేల మొక్కలు నాటేముందు కాలువలో పూడిక చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇది: కాకినాడ దగ్గరి డిగ్రీ కాలేజీ ఎన్.ఎస్.ఎస్. పిల్లలు 60 మంది డిసెంబరులో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం కోరంగి వైపు పెట్టుకుంటున్నారు. 5,000 మడ మొక్కలు, అంటే మాంగ్రోవ్‌లు, నాటాలని లక్ష్యం. ఎక్కడ నాటాలి, ఏ మొక్క నాటాలి అని అడిగారు. వాళ్ళలో కొందరు వచ్చే జూన్‌లో పశ్చిమ కనుమలకు వెళ్ళి వర్షారణ్యం పని నేర్చుకుంటారట. రెండూ ఒకటే రకం పనా అని రెండో ప్రశ్న.

ముందు ఆ 5,000 అంకె కొట్టేయండి. కోపం తెచ్చుకోకండి, ఆ అంకె వల్ల మునిగినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మొదటిసారి పిల్లల్ని మడ అడవికి తీసుకెళ్ళినప్పుడు మేం 200 మందిమి. పాటు తీసినప్పుడు, అంటే నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు, సముద్రం వైపు చదునుగా, నున్నగా బయటపడే బురద మేట ఒకటి కనబడింది. ఇంత చోటు ఖాళీగా పడి ఉందే అని సంబరపడిపోయాం. ఉప్పుపొన్న మొక్కలు తెచ్చాం, అదే పుస్తకాల్లో రైజోఫొరా. వరసలు తాడు పట్టి మరీ నాటాం. జిల్లా ఎడిషన్‌లో ఫొటో వచ్చింది. మళ్ళీ సంక్రాంతికి వెళ్ళి చూస్తే ఊతంగా పాతిన వెదురు పుల్లలున్నాయి, వాటికి నత్తగుల్లలు పట్టుకుని ఉన్నాయి, మొక్క ఒక్కటీ లేదు. మమ్మల్ని పడవలో తీసుకెళ్ళిన ముసలాయన అప్పుడు నోరు విప్పాడు: "అక్కడ చెట్టు నిలిచేదైతే మా తాతలనాడే నిలిచేది కదండీ మేష్టారూ." నాటేముందే ఎందుకు చెప్పలేదు బాబాయ్ అంటే, "మీరు అడగలేదు కదండీ" అన్నాడు.

ఈ పొరపాటు మా ఒక్కళ్ళదే కాదు. ఫిలిప్పీన్స్‌లో కోట్ల రూపాయలు పోసి నాటిన మడ మొక్కల్లో బతికినవి 10 నుంచి 20 శాతమేనని లెక్క తేలింది. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో 23 చోట్ల, వెయ్యి హెక్టార్లకు పైగా నాటారు. తర్వాత వెళ్ళి చూస్తే 200 హెక్టార్ల పైచిలుకు మాత్రమే నిలిచింది. తొమ్మిది చోట్ల ఒక్క మొక్కా లేదు. చాలా చోట్ల కారణం మేం చేసిన పొరపాటే: నీళ్ళు ఎక్కువసేపు నిలిచే చోట, చెట్టు ఎన్నడూ లేని చోట నాటడం.

మడ చెట్టుకు ఉప్పు నీళ్ళంటే ఇష్టమని చాలామంది అనుకుంటారు. ఇష్టం కాదు, ఓర్పు. ఆ ఓర్పుకూ హద్దుంది. వేళ్ళకు గాలి కావాలి, అందుకే మడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళు పాతినట్టు వేళ్ళు పైకి లేస్తాయి. అవి రోజులో ఎక్కువసేపు మునిగి ఉంటే చెట్టు ఊపిరాడక చస్తుంది. ఫ్లోరిడాలో జీవితమంతా ఈ పని మీదే గడిపిన రాబిన్ లూయిస్ అనే ఆయన లెక్క కట్టి చెప్పిందేమిటంటే, మడ నిలిచే నేల మొత్తం కాలంలో మూడో వంతు కంటే తక్కువే మునుగుతుంది. ఆ ఎత్తు కుదిరితే విత్తనాలు నీళ్ళలో కొట్టుకొచ్చి వాటంతటవే పడతాయి, నాటక్కర్లేదు. ఎత్తు కుదరకపోతే ఎంతమంది వచ్చి నాటినా అంతే.

పైగా ఆ బురద మేట ఖాళీ చోటు కాదు. కాకినాడ అఖాతం చుట్టూ ఉన్న అలాంటి మేటల మీదే చలికాలంలో ఉల్లంకులు, ఇంకా ఎన్నో వలస పిట్టలు దిగి మేస్తాయి. అక్కడే కుంభాభిషేకం అని పిలిచే చోట ఒడ్డున నిలబడి చూడండి, అదృష్టం ఉంటే ఇండియన్ స్కిమ్మర్లు కూడా కనబడతాయి. చెట్లు లేవు కాబట్టే అవి అక్కడ దిగుతున్నాయి. అక్కడ అడవి పెంచుదామనుకోవడం పండే చేలో ఇల్లు కట్టడం లాంటిది.

మరి ఎక్కడ పని చేయాలి? అడవి లోపల చూడండి. కోరంగి అభయారణ్యం 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు. పడవలో పోతే రెండు ఒడ్డులా దట్టంగా కనబడుతుంది. దిగి ఆ పచ్చటి గోడ దాటి లోపలికి నడిస్తే కొన్నిచోట్ల హఠాత్తుగా బట్టతలలా ఖాళీ వస్తుంది. నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది, అక్కడక్కడా ఇలకూర తప్ప ఏమీ మొలవదు. అది ఎలా వచ్చిందో తెలిస్తే మీ పని సగం అయిపోయినట్టే.

ఒకప్పుడు వంటచెరకు కోసం మడ అడవిని కూపులుగా విడగొట్టి మొత్తం నరికేవాళ్ళు. మళ్ళీ దానంతట అదే పెరుగుతుందని లెక్క. మామూలు అడవిలో ఆ లెక్క కుదురుతుందేమో, ఇక్కడ కుదరలేదు. నీడ పోయేసరికి మెత్తటి ఒండ్రు ఎండకు ఎండి కుంగింది. మధ్యలో పళ్ళెంలా గుంట పడింది. అమావాస్య పోటుకి ఎక్కిన నీళ్ళు అందులో చేరతాయి, వెనక్కి పోవడానికి దారి లేదు. ఎండకు ఇగిరిపోయి ఉప్పు మిగులుతుంది. సముద్రపు నీళ్ళలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే, ఎండాకాలానికి అలాంటి గుంటలో అది రెండింతలు దాటుతుంది. తెల్లమడ లాంటి మొండి చెట్టు మొలక కూడా దానికి తట్టుకోలేదు. విత్తనం రావడానికీ దారి లేదు, వచ్చినా బతకదు.

దీనికి విరుగుడు కనిపెట్టినవాళ్ళు ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ళు. మొదట తమిళనాడు పిచ్చావరంలో, తర్వాత 1990ల చివర నుంచి మన గోదావరి, కృష్ణా డెల్టాల్లో అటవీ శాఖతో, ఊళ్ళవాళ్ళతో కలిసి చేశారు. ఏరు నుంచి గుంటలోకి ఒక పెద్ద కాలువ తవ్వుతారు. దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు. పైనుంచి చూస్తే చేప వెన్నెముకా దాని ముళ్ళూ ఉన్నట్టు ఉంటుంది. కాలువ పైన వెడల్పు, అడుగున సన్నం. పోటుకి నీళ్ళు లోపలికి వస్తాయి, పాటుకి ఉప్పును కడుక్కుని బయటికి పోతాయి. మొక్క నాటేది గుంట మధ్యలో కాదు, కాలువ అడుగునా కాదు. కాలువ గట్టు వాలు మీద, నీళ్ళు వచ్చి తాకి వెళ్ళే ఎత్తులో. అంత తెలివైన పనికి వాడింది పార, గునపం, తట్ట. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఇప్పుడు మీ 60 మంది సంగతి. కొత్త కాలువలు తవ్వడం మీ పని కాదు. అది ఊళ్ళో కూలి దొరికే పని, ఒక కుటుంబానికి చేపల వేట నిషేధం రోజుల్లో ఆసరా. మీరు సేవ పేరుతో ఉచితంగా తవ్వేస్తే వాళ్ళ పొట్ట కొట్టినట్టే. ఒకసారి మా వాళ్ళు ఉత్సాహం కొద్దీ పార పట్టుకుంటే, వన సంరక్షణ సమితి ఆడవాళ్ళు వచ్చి మర్యాదగానే చెప్పారు, ఆ పని మాది నాయనా అని. మీ పని తవ్వాక మొదలవుతుంది, ఎందుకంటే తవ్విన కాలువలు పూడిపోతాయి. మొదటి రెండు మూడేళ్ళు కాలువ ఏటిలో కలిసే మొగ దగ్గర ఒండ్రు పేరుకుంటూనే ఉంటుంది. కాలువల వెంట నడిచి, ఎక్కడ పూడిందో, ఎక్కడ నీళ్ళు నిలిచిపోతున్నాయో పటం గీసి ఇవ్వడం మీరు చేయగల గొప్ప పని. చిన్న పూడికలు ఊళ్ళవాళ్ళతో కలిసి మీరే తీయొచ్చు. ఇంకొకటి తెగిన నైలాన్ వలలు. మడ మొలకలకు, ఊపిరి వేళ్ళకు చుట్టుకుని పీక నులిమినట్టు చంపుతాయి. మావాళ్ళు ఒక్క పూటలో రెండు ట్రాక్టర్ తొట్లు తీశారు. ఫొటోలో బావుండదు. కానీ మరుసటి ఏడు ఆ చోట మొలకలు లేచాయి, ఒక్కటీ నాటకుండానే.

నాటాలనే మనసుంటే కాలం చూసుకోండి. నల్లమడ, తెల్లమడ కాయలు చాలావరకు వానాకాలంలో, అది వెళ్ళేలోపు రాలిపోతాయి. డిసెంబరుకి మీకు మిగిలేవి పుచ్చులూ, పీతలు కొరికినవీ. కాబట్టి వచ్చే సెప్టెంబరు నుంచే వారానికి ఒక రోజు పదేసి మంది వెళ్ళండి. ఎన్.ఎస్.ఎస్.లో శిబిరం కాకుండా ఏడాదికి 120 గంటల పని ఉండనే ఉంది కదా. నీళ్ళ మీద తేలే మడ కాయల్ని ఏరి, రాత్రంతా నీళ్ళలో ఉంచితే పై తొక్క ఊడిపోతుంది. ఊడనివి పక్కన పడేయండి, అవి పండలేదన్నమాట. ఉప్పుపొన్నది వేరే పద్ధతి. అది చెట్టు మీదే మొలకెత్తి మునక్కాయలా వేలాడుతుంది. పై భాగంలో పసుపుపచ్చ పట్టీ కనబడేదాకా కోయకూడదు. కోశాక మూడో వంతు బురదలో గుచ్చితే చాలు, ఇంకా లోతుగా దింపితే కుళ్ళిపోతుంది. తలకిందులుగా గుచ్చిన వాళ్ళని కూడా చూశాను. నవ్వకండి, వాళ్ళలో ఒక లెక్చరరుండేవాడు.

పోటు, పాటు సంగతి గూగుల్‌లో చూసుకోవచ్చు, కాకపోతే ఆ ఊళ్ళో ఎవరూ గడియారం చూసి వేటకు పోరు, తిథి చూసి పోతారు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. నీళ్ళు ఎంత దూరం వస్తాయో గట్టు మీద గుర్తు పెట్టుకోవడానికి అవి మంచి రోజులు. అష్టమి, నవమి నాళ్ళలో నీళ్ళు అంతగా ఎక్కవు. లోపలి నేల మీద రోజంతా పని చేయడానికి అవి మంచివి. మీ ఏడు రోజులు అష్టమి మధ్యలో వచ్చేలా పెట్టుకోండి. శిబిరం తేదీలు మార్చడం కుదరదంటే కనీసం రోజువారీ పని అయినా పోటు చూసి మార్చుకోండి. పోటు రోజుకు ముప్పావుగంట పైనే ఆలస్యమవుతూ పోతుంది. "తెల్లారి ఏడింటికి శ్రమదానం" అని ఏడు రోజులకీ ఒకటే టైంటేబుల్ వేస్తే నాలుగో రోజు నడుము లోతు నీళ్ళలో నిలబడతారు.

తిల్ల చెట్టు గురించి ప్రతి ఒక్కరికీ చెప్పండి. ఆకు తుంచితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఒకమ్మాయికి రెప్ప మీద పడి రెండు రోజులు కన్ను తెరవలేకపోయింది. దగ్గర్లో మంచి నీళ్ళ సీసా ఉండబట్టి వెంటనే కడిగాం. చెప్పులతో బురదలోకి దిగొద్దు, అక్కడే ఉండిపోతాయి. వట్టి కాళ్ళతోనూ దిగొద్దు, ఆలిచిప్పలు బ్లేడులా కోస్తాయి. బిగుతుగా లేసులు కట్టిన పాత కాన్వాసు బూట్లు వేసుకోండి.

అభయారణ్యంలో అడుగు పెట్టాలంటే వన్యప్రాణి విభాగం అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. దానికి నెల రోజులైనా ముందు దరఖాస్తు పెట్టండి. బీటు ఆఫీసరుతో ఒకసారి నడవండి, ఏ కాలువ పూడిందో ఆయనకే బాగా తెలుసు. కేంద్రం 2023 జూన్ 5న మొదలుపెట్టిన మిష్టి పథకం కింద తొమ్మిది రాష్ట్రాల్లో, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో 540 చదరపు కిలోమీటర్ల మడ అడవి పెంచాలన్నది లక్ష్యం. మీ చోటు ఇప్పటికే ఏదైనా పథకం కింద ఉందేమో ముందే అడగండి. ఒకే గట్టు మీద ఇద్దరు నాటి, ఇద్దరూ లెక్క రాసుకోవడం నేను చూశాను.

ఇసుక తీరం మీద పని గురించి మీరు అడగలేదు. అయినా ఒక మాట. శిబిరంలో ఒక రోజు సముద్రపు ఒడ్డున సరుగుడు నాటుదాం అని ఎవరో ఒకరు అంటారు. వద్దనండి. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక మీద సరుగుడు దట్టంగా వేస్తే నీడా, ఆకుల పరుపూ, వేళ్ళూ కలిసి వాటికి చోటు లేకుండా చేస్తాయి. ఇసుకను పట్టి ఉంచడానికి అక్కడే పుట్టినవి ఉన్నాయి: రావణాసురుడి మీసాల గడ్డి, ఊదా పూల బాలబంద తీగ, కాస్త వెనక మొగలి పొదలు. ఈ మూడూ తొక్కకుండా, పీకకుండా ఉంటే చాలు. తాబేళ్ళ మీద ఆసక్తి ఉన్నవాళ్ళు చెన్నై విద్యార్థుల్ని చూసి నేర్చుకోవాలి. అక్కడ 1988 నుంచి కాలేజీ పిల్లలే ఒక బృందంగా ఏర్పడి, జనవరి నుంచి రాత్రంతా ఒడ్డు వెంట నడిచి ఆలివ్ రిడ్లీ గుడ్లను కాపాడుతున్నారు. బ్యాచ్‌లు మారాయి, నడక ఆగలేదు.

ఇక మీ రెండో ప్రశ్న. మడ అడవి పనీ వర్షారణ్యం పనీ చేతులకు వేరు, తలకు ఒకటే. రెండుచోట్లా అడగాల్సింది, విత్తనం ఇక్కడికి రావడం ఎందుకు ఆగిపోయింది, వచ్చింది ఎందుకు బతకట్లేదు అని. మడలో విత్తనాన్ని తెచ్చేది నీళ్ళు. వర్షారణ్యంలో పిట్ట కడుపు.

తమిళనాడులో ఆనమలై కొండల మీద వాల్పారై ఉంది. దాదాపు 220 చదరపు కిలోమీటర్ల పీఠభూమి, చాలామటుకు టీ, కాఫీ తోటలు. తోటల మధ్య దీవుల్లా నలభైకి పైగా అడవి ముక్కలు మిగిలాయి. నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ వాళ్ళు రెండు దశాబ్దాలకు పైగా తోటల యజమానులతో మాట్లాడి ఒప్పించి ఈ ముక్కల్ని బాగు చేస్తున్నారు. ఆ పని నడిపించిన శాస్త్రవేత్తలు దివ్య ముదప్ప, టి.ఆర్. శంకర్ రామన్ పేర్లు మీరు వినే ఉంటారు. అక్కడ పని మూడు రకాలు: లాంటానా, మైకానియా తీగ, తోటలోంచి పారిపోయి అడవిలో పడ్డ రోబస్టా కాఫీ, ఇలాంటి కలుపు తీయడం, నర్సరీలో నూరుకు పైగా జాతుల నారు పెంచడం, వానలు పడగానే నాటడం. నాగకేసరం, రుద్రాక్ష జాతులు, అడవి జాజికాయ ఇలా కలిపి నాటుతారు, ఒకే జాతి వరసలు కాదు. పెద్ద గింజలున్న పళ్ళను హార్న్‌బిల్ లాంటి పెద్ద పిట్టలే మింగగలవు. ఆ పిట్ట రాని ముక్కలో ఆ చెట్టు తిరిగి రాదు. అక్కడ మనిషి నాటాల్సి వస్తుంది. పక్కనే మంచి అడవి ఉండి పిట్టలు వస్తూ పోతూ ఉంటే, కలుపు తీసి వదిలేయడమే చాలాసార్లు మేలు.

వర్షారణ్యం గింజల్లో చాలావాటిని వేరుసెనగ విత్తనంలా ఎండబెట్టి డబ్బాలో దాచుకోలేం. ఎండితే చచ్చిపోతాయి. రాలిన కొద్ది రోజుల్లో నాటేయాలి. అందుకని వాళ్ళు తారు రోడ్డు మీద రాలిన గింజల్ని ఏరతారు, ఎటూ బతికేవి కావు కదా. ఈ పని మీరు చేయగలరు, ఎవరికీ నష్టం లేదు. జలగలకు మాత్రం సిద్ధపడి వెళ్ళండి.

కలుపు తీయడంలో ఆస్ట్రేలియాలో సిడ్నీకి చెందిన బ్రాడ్లీ అక్కచెల్లెళ్ళు, జోన్, ఐలీన్ అని ఇద్దరు 1960లలో పాటించిన పద్ధతి ఉంది. కలుపు దట్టంగా ఉన్న చోట కాకుండా, అడవి బాగున్న అంచున మొదలుపెట్టి కలుపు వైపుకి కొద్దికొద్దిగా జరగాలి. నేలను వీలైనంత తక్కువ కెలకాలి. స్థానిక మొక్కలు ఎంత వేగంగా ఆక్రమిస్తే అంత వేగంగానే ముందుకు పోవాలి. కుర్రాళ్ళకు ఇది నచ్చదు, అన్నిటికంటే భయంకరంగా ఉన్న పొద మీద పడాలని చేతులు దురదపెడతాయి. అలా చేస్తే వానకు మట్టి కొట్టుకుపోతుంది, ఖాళీ అయిన నేల మీద మళ్ళీ అదే కలుపు.

నిజానికి అంత దూరం పోయేముందు మన మారేడుమిల్లి, అనంతగిరి వైపు చూడండి. అచ్చమైన వర్షారణ్యం మన తూర్పు కనుమల్లో లేదు. తడి లోయల్లో సగం పచ్చగా ఉండే అడవి ముక్కలు ఉన్నాయి, లాంటానా మాత్రం కావలసినంత ఉంది. దాన్ని పులికంప అంటారు, మా ఇంట్లో అత్తాకోడళ్ళ చెట్టు అనేవాళ్ళు. పైపైన నరికితే రెట్టింపు చిగురిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సి.ఆర్. బాబు బృందం చూపించిన కిటుకు ఇది: మట్టిలో రెండంగుళాల లోతున తల్లివేరును కోసి, పొదను తలకిందులు చేసి పడేయాలి. నేలను తాకితే కొమ్మలు మళ్ళీ వేళ్ళు పోస్తాయి కాబట్టి తలకిందులు. ఆ తర్వాత రెండు వానాకాలాలు వెళ్ళి, పిట్టలు వేసిన గింజల మొలకల్ని చేత్తో పీకాలి. ఈ రెండో భాగానికి ఎవరూ రారు. దానికి రాగలిగితేనే మొదలుపెట్టండి.

మీ డిసెంబరు శిబిరానికి నేనైతే ఇలా వేస్తాను. మొదటి రోజు ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గర కూర్చుని ఒకప్పుడు ఎక్కడ అడవి ఉండేదో, గేదెలు ఎక్కడ మేస్తాయో అడిగి పటం. రెండు, మూడు రోజులు కాలువల నడక. మూడు రోజులు వలలు తీయడం, చిన్న పూడికలు. చివరి రోజు పది మీటర్లకు పది మీటర్ల గళ్ళు ఓ ఆరు చోట్ల కట్టి, నాలుగు మూలలా గట్టి గుంజలు పాతి, లోపల ఉన్న ప్రతి మొలకనూ లెక్క పెట్టడం. కొన్ని గళ్ళు మీరు పని చేసిన చోట, కొన్ని అసలు ముట్టుకోని చోట ఉండాలి. లేకపోతే మీ వల్ల మొలిచిందో వాన వల్ల మొలిచిందో తెలీదు. మూడు నెలలయ్యాక ఒకసారి, ఏడాదయ్యాక ఇంకోసారి వెళ్ళి అదే గళ్ళలో లెక్క. మొక్కలకు దాచిన డబ్బు పడవలకు, గుంజలకు, లెక్కపెట్టే వాళ్ళ బస్సు చార్జీలకు వాడండి.

లెక్క రాసే నోటుబుక్కు కాలేజీ బీరువాలో పెట్టొద్దు, పోతుంది. జూనియర్ బ్యాచ్‌లో ఒకరి చేతికి ఇచ్చి సంతకం తీసుకోండి. నా దగ్గర అలాంటివి పదకొండున్నాయి. మొదటిదాంట్లో రాసింది ఒకే పేజీ. పైన తేదీ, దాని కింద "నాటినవి: 3,200", దాని కింద నా చేతిరాతతోనే "బతికినవి: 0".